రంగుల కడ్డీ, రాసే పెన్ను

చేతితో చేసిన పెన్ను అనగానే మన తెలుగువాళ్లకు ముందు రాజమండ్రి గుర్తొస్తుంది. నల్లటి ఎబొనైట్ కడ్డీ, చిన్న లేత్, లావుపాటి ఒళ్లు, డ్రాపర్‌తో సిరా పోసుకునే పద్ధతి. పెన్నంటే అదేనని నమ్మిన తరాలున్నాయి. ఆ నమ్మకంలో ఆక్రిలిక్‌కు చోటు లేదు. ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్, ప్లాస్టిక్ అంటే చవక సరుకు అని తీసిపారేస్తాం. మరోవైపు అమెరికాలో, బ్రిటన్‌లో, ఇప్పుడు మన దేశంలోనూ ఇంటి పక్క షెడ్డులో లేత్ పెట్టుకుని పెన్నులు తీసే చాలామంది చేతికి మొదట వచ్చేది రంగురంగుల ఆక్రిలిక్ దిమ్మె. దాన్ని వాళ్లు బ్లాంకు అంటారు. పాలరాతి చారలు, ముత్యపు మెరుపు, నెమలి కంఠం రంగులు, ఏది కావాలంటే అది దొరుకుతుంది. దాన్ని తిప్పి, చెక్కి, మెరుగుపెట్టి, పాళీ బిగించి, చేతిపని పెన్ను అని అమ్ముతున్నారు.

ఇది నిజంగా చేతిపనేనా? ఎబొనైట్ పెన్నుకు ఇచ్చే గౌరవం దీనికీ ఇవ్వాలా? ఈ ప్రశ్న మీద మూడు వర్గాలున్నాయి. ఎబొనైట్‌నే నమ్ముకున్నవాళ్లు ససేమిరా అంటారు. ఫ్యాక్టరీ విడిభాగాల కిట్టు తెచ్చుకుని తీసేవాళ్లు, లేత్ మీద చెక్కాం కాబట్టి చేతిపనేనంటారు. కిట్టు లేకుండా మరలతో సహా అన్నీ తామే కోసేవాళ్లు ఈ రెండు వర్గాలనూ సగమే ఒప్పుకుంటారు. మూడు వాదాలూ చూశాక నాకు తోచింది ముందే చెబుతాను. తగువు పదార్థం గురించి పడుతున్నాం గానీ, తేల్చుకోవలసింది పెన్నులో చేసినవాడి పని ఎంత ఉందన్నది.

ముందు పదార్థం సంగతి. పెన్నుల చరిత్రలో ఎబొనైట్ కూడా ఒకప్పుడు కొత్త సరుకే. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి ఉడికిస్తే గట్టిపడే ఈ పదార్థానికి నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో పేటెంటు తీసుకున్నాడు. వాటర్‌మన్ తన ఫౌంటెన్ పెన్నుకు 1884లో పేటెంటు పొందాక కొన్ని దశాబ్దాలు పెన్నుల లోకాన్ని ఎబొనైటే ఏలింది. అయితే అందులో రంగులు తక్కువ, ఎండకు వెలుస్తుంది. 1924లో షీఫర్ కంపెనీ సెల్యులాయిడ్ పెన్ను తెచ్చింది. 1921లో ఎర్ర ఎబొనైట్‌తో మొదలైన పార్కర్ డ్యూఫోల్డ్ కూడా 1926లో సెల్యులాయిడ్‌కు మారింది. సెల్యులాయిడ్ అందమైనదే, కానీ ఇట్టే అంటుకుంటుంది. పైగా కడ్డీ బాగా ఆరాకే కోయాలి, తొందరపడితే కోసిన పెన్ను తర్వాత కుంచించుకుపోతుంది.

ఆక్రిలిక్ 1930ల మొదట్లో వచ్చింది. జర్మనీలో ప్లెక్సిగ్లాస్, బ్రిటన్‌లో పెర్‌స్పెక్స్, అమెరికాలో డ్యూపాంట్ వారి లూసైట్, పేర్లు వేరైనా సరుకు ఒకటే. పార్కర్ కంపెనీ త్వరగా ఆరే సిరా ఒకటి తయారుచేసుకుంది. దాని క్షారగుణం సెల్యులాయిడ్‌ను పాడుచేస్తుంది. అందుకని ఆ సిరా కోసమే లూసైట్ ఒంటితో పెన్ను చేసి 1941లో మార్కెట్లోకి తెచ్చింది. అదే పార్కర్ 51. మన తాతల కాలంలో జేబులో ఆ పెన్ను కనిపిస్తే మనిషికే ఒక హోదా వచ్చేది. ఆ పెన్ను ఒళ్లు ఆక్రిలిక్‌దేనని చాలామందికి తెలియదు. కాబట్టి ఆక్రిలిక్ చవక సరుకన్న వాదం చరిత్ర ముందు నిలబడదు.

ఇక్కడ ఒక చిక్కుంది. ఆక్రిలిక్ బ్లాంకు పేరుతో అమ్మేవన్నీ ఆక్రిలిక్ కావు. కొన్ని పాలియెస్టర్ రెజిన్, కొన్ని పాలియురథేన్, కొన్ని ఎపాక్సీ. ఇంకొన్నిటిలో ముడి చెక్క ముక్కలు పేర్చి చుట్టూ రెజిన్ పోస్తారు. ఉలి కింద ఒక్కొక్కటి ఒక్కోలా ప్రవర్తిస్తుంది. పాలియెస్టర్ పెళుసు, ఉలి కాస్త మొద్దుబారినా అంచున పెచ్చు లేస్తుంది. పాలియురథేన్ మెత్తగా, పొడవాటి పోగులుగా తెగుతుంది. అసలు ఆక్రిలిక్ ఈ రెంటికీ నడుమన ఉంటుంది. వేడి పడదు, అంతే. అమ్మేవాళ్లు ఏ రెజినో రాయడం మర్యాద. కొనేవాళ్లు అడగడం అవసరం.

ఈ బ్లాంకులు పోయడం కూడా ఒక విద్యే. రెండు పాళ్ల రెజిన్ కలిపి, వేరువేరు గిన్నెల్లో అభ్రకపు పొడి రంగులు వేస్తారు. అది పల్చగా ఉండగా కలిపి పోస్తే రంగులు ఒకదాంట్లో ఒకటి కరిగి మసకబారతాయి. ఆలస్యమైతే గడ్డకట్టి అచ్చులోకే దిగదు. రెండింటికీ మధ్య కొద్ది నిమిషాలే ఉంటాయి. అప్పుడు పోస్తేనే చార చారగా నిలుస్తుంది. పోసిన అచ్చును గాలి ఒత్తిడి పాత్రలో పెట్టి బిగిస్తారు. ఒత్తిడికి గాలి బుడగలు కంటికి ఆననంత చిన్నవైపోతాయి. ఈ పని చేసేవాళ్లు వేరు, దాన్ని కొని పెన్ను తీసేవాళ్లు వేరు. పెన్నును చూసి మనం ఆహా అనేది చాలాసార్లు పోసినవాళ్ల పనితనానికి. డబ్బాలు పట్టుకుని రంగులు ఎప్పుడు కలపాలో తెలిసిన ఆ మనిషి పేరు మాత్రం పెన్ను పెట్టె మీద కనపడదు. ఈ రంగంలో నన్ను అన్నిటికన్నా బాధించే విషయం ఇదే.

ఇక లేత్ దగ్గరికి వద్దాం. కిట్టు పెన్నుకు బ్లాంకు సాధారణంగా 19 మిల్లీమీటర్ల చదరం, ఐదంగుళాల పొడవు ఉంటుంది. దాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో బెజ్జం వేసి, అందులో ఇత్తడి గొట్టం జిగురుతో అతికిస్తారు. చూసేవాళ్లకు చెక్కడమే కష్టమనిపిస్తుంది. నిజానికి ఎక్కువ బ్లాంకులు చెడిపోయేది బెజ్జం దగ్గరే. ఆక్రిలిక్ దాదాపు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. డ్రిల్లును ఆపకుండా తోస్తే లోపలి తురుము కరిగి బిట్టుకు అంటుకుపోతుంది, బెజ్జం వంకర పోతుంది. ఒక్కోసారి బ్లాంకు నిట్టనిలువునా చీలుతుంది. అందుకే తెలిసినవాళ్లు వేగం తగ్గించి, కొంచెం దింపి, బిట్టు బయటికి లాగి, తురుము దులిపి, మళ్లీ దింపుతారు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకుంటారు. బిట్టు అవతలి పక్కకు పొడుచుకు వచ్చే చోటే ముక్క ఎగిరిపోతుంది కాబట్టి, బ్లాంకును కావలసిన దానికన్నా కాస్త పొడుగ్గా కోసుకుని, బెజ్జం చివరిదాకా వేయకుండా ఆపి, మిగిలిన కొసను రంపంతో తీసేస్తారు. అప్పుడు బెజ్జం దానంతటదే బయటపడుతుంది.

ఇత్తడి గొట్టం అతికించేటప్పుడు లోపలికి జిగురు పోకుండా గొట్టం కొసను పచ్చి బంగాళాదుంప ముక్కలో గుచ్చి బిరడా వేస్తారు. జిగురు పట్టాక ఆ ముక్కను పొడిచి తీసేస్తారు. ఖరీదైన పనిముట్ల మధ్య ఈ వంటింటి ఉపాయం ఇప్పటికీ నడుస్తోంది. బ్లాంకు కాస్త పారదర్శకంగా ఉంటే ఇంకో పని మిగులుతుంది. బెజ్జం లోపలి గోడకు, గొట్టానికి రంగు వేయాలి. లేకపోతే మెరుగుపెట్టాక లోపలి ఇత్తడి పసుపు పైకి కనిపించి, నీలం కాస్తా మురికి పచ్చ అవుతుంది. ఎంచుకున్న రంగు అసలు రూపం ఈ లోపలి పూత మీదే ఆధారపడి ఉంటుంది.

తర్వాత చెక్కడం. ఉలి పదునుగా ఉండి, చేయి తేలికగా ఆనితే ఆక్రిలిక్ బీరకాయ చెక్కు తీసినట్టు పొడవాటి రిబ్బన్లుగా వస్తుంది. టిక్కుటిక్కుమని చప్పుడు మొదలైందంటే పెచ్చులు లేస్తున్నట్టే, వెంటనే ఆపి ఉలి సానబెట్టుకోవాలి. రిబ్బన్లు తిరిగే కడ్డీకి చుట్టుకుంటాయి. వాటిని చేత్తో లాగకూడదు, లేత్ ఆపి తీయాలి. ఆకారం వచ్చాక ఉప్పుకాగితం, దాని తర్వాత 1500 నుంచి 12000 నంబరు దాకా తొమ్మిది మెట్ల మైక్రో మెష్ మెత్తలు, అన్నీ నీళ్లతో తడిపి రుద్దాలి. పొడిగా రుద్దితే వేడికి పైపొర కరిగి మసకబారుతుంది. మెట్టు మెట్టుకూ లేత్ ఆపి నిలువుగా కూడా రుద్దితేనే చుట్టు గీతలు పోతాయి. తొందరలో ఒక మెట్టు దాటేస్తే మొదట్లో తెలియదు. దీపం కింద వాలుగా పట్టుకుంటే ఆ గీత బయటపడుతుంది. చెక్క పెన్నుకు పైన జిగురు పూతో, లక్కో కావాలి. ఆక్రిలిక్‌కు అక్కర్లేదు, దాని మెరుపు దానిదే.

ఇంతవరకూ చేసింది చేతిపనే, కాదనలేం. కానీ కిట్టు పెన్నులో ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. పాళీ, క్లిప్పు, పట్టుకునే సెక్షన్, క్యాప్ బిగించే మర, కొసల బిళ్లలు అన్నీ ఫ్యాక్టరీ నుంచి పొట్లంలో వస్తాయి. చేసినవాడు వాటిని గొట్టంలోకి ఒత్తి బిగిస్తాడు. చేతికి తగిలేది పూత పూసిన లోహపు సెక్షన్. కొన్నాళ్లకు దాని పూత లేస్తుంది. లోపల ఇత్తడి గొట్టం ఉండటంతో పెన్ను బరువెక్కుతుంది. అందులో చేసినవాడి వంతు బయటి తొడుగు మాత్రమే. అమెరికాలో అభిరుచి కొద్దీ లేత్ పట్టేవాళ్లు సైనికులకు కానుకగా పంపే ఫ్రీడమ్ పెన్నులు ఎక్కువగా ఈ కోవవే. కానుకగా, నేర్చుకునే మెట్టుగా కిట్టు పెన్ను మంచిదే. సెలవుల్లో పిల్లలకు పనిముట్టు పట్టడం నేర్పాలంటే దీనికన్నా మంచి దారి నాకు కనపడదు. కానీ రాసుకోవడానికి పూర్తి చేతిపని పెన్ను అని వేల రూపాయలకు అమ్మితే మాత్రం ఒప్పుకోను.

కిట్టు లేని పెన్ను సంగతి వేరు. ఇక్కడ బ్లాంకు గుండ్రటి కడ్డీగా వస్తుంది, ఇత్తడి గొట్టం ఉండదు. ఒళ్లు, క్యాప్, సెక్షన్ మూడూ ఆ కడ్డీలోంచే తీయాలి. బయటివాళ్ల దగ్గర కొనేది పాళీ, దాని కింద ఉండి సిరా అందించే ఫీడు, సిరా పీల్చే కన్వర్టరు. జర్మనీలో యోవో, బాక్ కంపెనీల పాళీలు ప్రపంచమంతటా ఈ పెన్నుల్లోకి వెళుతున్నాయి. మిగిలిన ప్రతి మరా చేసినవాడే కోయాలి. అసలు విద్య బయటపడేది ఈ మరల దగ్గరే.

క్యాప్ మరను తీసుకుందాం. ఎక్కువమంది వాడేది 13 మిల్లీమీటర్ల వ్యాసం, గీతకూ గీతకూ మధ్య 0.8 మిల్లీమీటర్ల దూరంతో మూడు పాయల మర. ఒకే పాయ ఉంటే క్యాప్ తీయాలంటే మూడు నాలుగు చుట్లు తిప్పాలి. మూడు పాయలు పక్కపక్కనే నడిస్తే ఒక్క చుట్టుకు క్యాప్ 2.4 మిల్లీమీటర్లు పైకి వస్తుంది, ఒకటింపావు చుట్టుతో చేతిలోకి వచ్చేస్తుంది. ఈ సౌకర్యానికి ఒక మెలిక ఉంది. మూడు పాయలున్న మరకు క్యాప్ మూడు చోట్ల పట్టుకోగలదు. అందులో ఒక్క చోటే ఒంటి మీది చార, క్యాప్ మీది చార కలుస్తాయి. ప్రతిసారీ చార కలవాలంటే ఒకే పాయ మర పెట్టి, ఎక్కువ చుట్లు తిప్పడానికి ఒప్పుకోవాలి. రంగుల బ్లాంకు ఎంచుకున్నవాడు ఈ రెండింట్లో ఏదో ఒకటి వదులుకోక తప్పదు. పెన్ను చూడగానే చేసినవాడు దేన్ని వదులుకున్నాడో తెలిసిపోతుంది.

ఇంకా లోపలికి వెళితే, క్యాప్ మర ఒంటికి బయట ఉంటే, సెక్షన్ బిగించే మర సరిగ్గా దాని కిందే లోపల ఉంటుంది. ఈ రెండు మరల మధ్య మిగిలే గోడ మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. ఆక్రిలిక్ పగిలితే అక్కడే పగులుతుంది. మర కోసేటప్పుడు ట్యాపును అరచుట్టు ముందుకు తిప్పి, పావుచుట్టు వెనక్కి తిప్పి తురుము తెంపాలి, సబ్బునీళ్లతో చల్లబరుస్తూ ఉండాలి. బలవంతంగా తిప్పితే అప్పుడు కనపడని సన్నని చీలిక కొన్నాళ్లకు, సెక్షన్ గట్టిగా బిగించిన రోజు పైకి తేలుతుంది. ఇలాంటి పెన్ను క్యాప్ తిప్పినప్పుడు మర ఎక్కడా గీరకుండా, లూజుగా ఊగకుండా, చివర మెల్లగా ఆగితే ఆ ఆగడంలో చేసినవాడి నేర్పు చేతికి తగులుతుంది.

ఇప్పుడు ఎబొనైట్ పక్షం వారి వాదానికి రావాలి. వాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. ఎబొనైట్ చేతికి వెచ్చగా, కొంచెం మెత్తగా అనిపిస్తుంది. మర చక్కగా తెగుతుంది. అంచు పెచ్చులు లేవదు. సిరా దాని మీద బాగా పరుచుకుంటుంది కాబట్టి పాళీ కింది ఫీడుకు ఇప్పటికీ ఎబొనైట్‌కే ఓటు వేసేవాళ్లున్నారు, నేనూ అదే పక్షం. దాని లోపాలు కూడా చెప్పుకోవాలి. ఎండకూ తేమకూ నలుపు గోధుమరంగులోకి దిగుతుంది. గంధకపు వాసన కొందరికి పడదు. ఆక్రిలిక్‌కు ఎండ బాధ లేదు, తేమ బాధ లేదు. దాని శత్రువులు స్పిరిట్, అసిటోన్. పెన్ను తుడవడానికి స్పిరిట్ వాడితే సన్నని పగుళ్లు వస్తాయి, మామూలు నీళ్లు చాలు. లేత రంగు, పారదర్శక ఆక్రిలిక్‌లో ఎర్ర సిరా, ఊదా సిరా మరక వదులుతాయి. ఈ లెక్కన ఒళ్లు ఆక్రిలిక్, ఫీడు ఎబొనైట్ కలిసిన పెన్నుకు నేను మొగ్గు చూపుతాను.

ఆరోగ్యం సంగతి క్లుప్తంగా చెప్పినా గట్టిగా చెప్పాలి. పొడిగా రుద్దితే లేచే రెజిన్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మంచి మాస్కు తప్పనిసరి. ఎగిరే పెచ్చులు కంటికి ప్రమాదం, ముఖానికి అడ్డు పెట్టుకోవాలి. బ్లాంకులు ఇంట్లోనే పోసుకోవాలనుకునేవాళ్లు రెజిన్ ఆవిరిని తేలిగ్గా తీసుకోకూడదు. పాలియురథేన్‌లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పించగలవు. పడకగదిలో, వంటింటి బల్ల మీద చేసే పని కాదిది.

దీనికి తోడు చెత్త. 19 మిల్లీమీటర్ల చదరపు బ్లాంకులోంచి బయట 12, లోపల 7 మిల్లీమీటర్ల గొట్టం తీస్తే మిగిలేది ఐదింట ఒక వంతు. నాలుగు వంతులు తురుమై నేల మీద పడుతుంది. రంగులు కలిసిన ఈ తురుము మళ్లీ పనికిరాదు. గుండ్రటి కడ్డీ కొంటే వృథా తగ్గుతుంది. పెన్ను ఏళ్ల తరబడి నిలిస్తేనే ఈ వృథాను సమర్థించుకోగలం. పాడైతే బాగుచేసుకునే వీలు దానికి మొదటి షరతు కావాలి. ఇత్తడి గొట్టంలోకి ఒత్తి బిగించిన కిట్టు పెన్నును విప్పి బాగుచేయడం కష్టం. మరలతో నిలిచే పెన్నును పాళీ దాకా విప్పి కడుక్కోవచ్చు, ఏ భాగానికి ఆ భాగం మార్చుకోవచ్చు.

ఈ వాదంలో మన వాళ్లకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. స్వదేశీ వస్తువు చేయమన్న గాంధీజీ మాటను పట్టుకుని కోసూరి వెంకటరత్నం రాజమండ్రిలో పెన్నుల పని మొదలుపెట్టారు. 1932 నుంచి రత్నం పెన్నులు అక్కడ తయారవుతున్నాయి. 1935లో గాంధేయవాది జె.సి. కుమారప్ప ద్వారా అందిన పెన్నును వాడి చూసి, బజారులో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా ఇది బాగానే ఉందని గాంధీజీ ఉత్తరం రాశారు. అదే ఊళ్లో గైడర్ పెన్నులూ పేరు తెచ్చుకున్నాయి. హైదరాబాదు అబిడ్స్‌లో 1928 నాటి డెక్కన్ పెన్ స్టోర్స్ తరాలుగా రాసేవాళ్ల చేతికి పెన్నులు అందించింది. ఇవేవీ కిట్టు పెన్నుల వారసత్వం కావు. కడ్డీలోంచి క్యాప్, ఒళ్లు, సెక్షన్, మర అన్నీ చేత్తో తీయడమే మన పద్ధతి. ఇవాళ అమెరికాలో కొత్తగా నేర్చుకునేవాళ్లు కిట్టు దాటి చేరాలనుకునే చోటు నుంచే రాజమండ్రి మొదలైంది.

అందుకే ఆక్రిలిక్‌ను శత్రువుగా చూడటంలో నాకు అర్థం కనపడదు. తమిళనాడు తిరువళ్లూరులో రంగా పెన్నుల వారు ఎబొనైట్‌తో పాటు ఆక్రిలిక్‌నూ అదే లేత్ మీద, అదే చేతి పద్ధతిలో తీస్తున్నారు. దేశవిదేశాల్లో కొనేవాళ్లున్నారు. ఎబొనైట్ మీద చేయి తిరిగినవాడికి ఆక్రిలిక్ కొత్త విద్య కాదు. వేగం తగ్గించాలి, పదును పెంచాలి, నీళ్లు వాడాలి, మెరుగు మెట్లు ఓపిగ్గా ఎక్కాలి. అంతకన్నా ఏమీ అడగదు. రంగు పోయడం వేరే విద్య. ఏటికొప్పాక లాంటి ఊళ్లలో తరతరాలుగా లేత్ మీద అంకుడు చెక్కకు లక్క రంగులు ఎక్కిస్తున్న చేతులు మనకున్నాయి. రంగు గురించి వాళ్లకు తెలిసినంత ఏ రెజిన్ డబ్బా అమ్మేవాడికీ తెలియదు. ఈ రెండు విద్యలనూ ఒక గదిలో కూర్చోబెట్టే ప్రయత్నం ఏ పాలిటెక్నిక్కో, చేతివృత్తుల శిక్షణ కేంద్రమో చేస్తే చూడాలని నాకెంతో కోరిక. మన రంగులతో, మన చేత్తో పోసిన బ్లాంకు, మన మర కలిసిన పెన్నుకు పోటీ తక్కువ.

కొనేవాళ్లకు చివరి మాట. ఆక్రిలిక్ పెన్ను కొనండి, సంకోచం వద్దు. డబ్బిచ్చే ముందు మాత్రం క్యాప్ నాలుగైదు సార్లు తిప్పి తీసి పెట్టి చూడండి. సెక్షన్ విప్పి, మర దగ్గర గోడను వెలుతురుకు పట్టి చీలిక ఉందేమో చూడండి. పాళీని సిరాలో ముంచి అరపేజీ రాయండి. తర్వాత రెండు ప్రశ్నలు అడగండి: ఇందులో ఏ భాగాలు మీరు చేసినవి, ఈ బ్లాంకు ఎవరు పోశారు? రెండింటికీ సూటిగా జవాబు చెప్పి, పోసినవారి పేరు బిల్లు మీద రాసిచ్చేవారి పెన్నుకు అడిగిన ధర ఇవ్వండి.